తీపెక్కిన గంజి

మొన్న నా మేనకోడలి చేతి మీద చెళ్ళున ఒక దెబ్బ వేశాను. కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల, పెళ్ళయిన పిల్ల. కొట్టకూడదు, నాకూ తెలుసు. కానీ బుర్ర ఆలోచించే లోపే చెయ్యి వెళ్ళిపోయింది.

విజయనగరంలో వాళ్ళ మేడ మీద చిన్న గది కట్టించుకుని అందులో మట్టి పని చేస్తుంది. గోడలకి అంటించే రంగు బిళ్ళలు, వాటి మీద పువ్వులు, పిట్టలు. గది మూలన ఫ్రిజ్జంత కరెంటు బట్టీ. స్విచ్చి వేసి కిందకొచ్చి టీవీ ముందు కూర్చుంటుంది, బట్టీ తన పని తను చేసుకుపోతుంది. కళ్ళు మండని బట్టీ కూడా ఒక బట్టీయేనా అని నేను సణుగుతుంటాను. ఆ రోజు బిళ్ళలకి మెరుపు రావడానికి పూసే పూత కలుపుతూ, వేలికంటిన చుక్కని పరధ్యానంగా నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. అంతే.

"ఏటత్తా! కొట్టీసావేటి?" అంది బిత్తరపోయి.

"నోట్లో ఎట్టుకుంతావేటే? బుద్ధి లేదూ?"

"ఇందులో సీసం లేదత్తా. డబ్బా మీద రాసున్నాది, సూడు."

డబ్బా తిప్పి చూపించింది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మళ్ళీ చదివాను. నిజమే, సీసం లేదు. అయినా కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి సబ్బు పెట్టి ఆ చెయ్యి నేనే కడిగాను. అది నవ్వుతూ కడిగించుకుంది. తర్వాత నా మొహం చూసి నవ్వడం మానేసింది. "నీకింత భయం ఎందుకత్తా?" అని అడిగింది. ఆ సాయంత్రం దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నాకు పదేళ్ళో పదకొండో ఉంటాయి. ఆ వేసవి నన్ను మా చిన్నాన్న ఇంటికి పంపారు. పిన్ని కడుపుతో ఉంది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఐదో నెల దాటేసరికి ఇంట్లో అందరికీ ఆశతో పాటు భయమూ పట్టుకుంది. పిన్నిని వంగనివ్వకు, బిందె ఎత్తనివ్వకు, గడప మీద కూర్చోనివ్వకు అని మా అమ్మ సవాలక్ష జాగ్రత్తలు చెప్పి నన్ను బస్సెక్కించింది. ఆవిడ నోట్లోకి ఏం పోతోందో కనిపెట్టుకుని ఉండమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నరసన్నపేటలో బస్సు దిగి, సముద్రం వైపు పోయే మట్టి రోడ్డున జట్కాలో వెళితే వాళ్ళ ఊరు. గాలి అటు తిరిగితే ఎండుచేపల వాసన, ఇటు తిరిగితే జీడిపిక్కలు కాల్చే వాసన. చిన్నాన్న పెరట్లో అడుగు పెడితే ఈ రెండూ పోయి తడి మట్టీ, సరుగుడు పొగా కొట్టేవి. నాకు ఆ వాసన ఎంత ఇష్టమో చెప్పలేను. ఇప్పటికీ వాన పడ్డ మట్టి వాసనకి ముందు సంతోషం వేస్తుంది, ఆ వెనకే లేచి కిటికీ మూసేస్తాను.

మాది క్రైస్తవ మిషన్ వాళ్ళ చలవతో నాలుగు అక్షరాలు నేర్చిన కుటుంబం. చిన్నాన్న చిన్నప్పుడు మిషన్ పనిబడిలో పెంకులు కాల్చడం నేర్చుకున్నాడు. తర్వాత ఎవరో ముసలి పనివాడి దగ్గర రంగు బిళ్ళల పని పట్టుకున్నాడు. ఇంటి వెనక తాటాకు పంచ వేసుకుని, దాని పక్కన తలదాకా వచ్చే ఇటుక బట్టీ కట్టుకున్నాడు. చిన్నాన్న మట్టి, పిన్ని బొమ్మ. పిన్ని గీసిన తామరపువ్వు చూస్తే ముట్టుకోబుద్ధయ్యేది. ఉంగరపు వేలు బిళ్ళకి ఆనించి, కుంచె పైకెత్తకుండా ఒక్క తిప్పులో రేక గీసేసేది. రెండో గీత పెట్టి దిద్దడం ఆవిడకి తెలీదు.

ఆ వేసవి పని మా చర్చిది. కొత్తగా బాప్తిస్మం తొట్టి కట్టారు. మా వాళ్ళలో చంటిపిల్లల నెత్తిన నీళ్ళు చల్లే పద్ధతి లేదు కదా, పెద్దయ్యాక మనిషిని పూర్తిగా ముంచి లేపాల్సిందే. ఆ తొట్టి నాలుగు గోడలకీ లోపల ఆకుపచ్చ బిళ్ళలు, మధ్యమధ్యన తామరలు, చేపలు. చిన్నాన్నకి అంత పెద్ద పని అంతకు ముందు రాలేదు. "నా సేతి పని మీద మనుసులు తిరిగి పుడతారే" అని పిన్నితో అనేవాడు.

"ముందు నీ ఇంట్లో మనిసిని పుట్టనీరా నాయనా," అనేది మా మామ్మ.

మామ్మ అంటే మా నాన్న, చిన్నాన్నల తల్లి. ఆ ఇంటికి పాస్టరూ ఆవిడే, పోలీసూ ఆవిడే. బాప్తిస్మం తీసుకోక ముందు అడ్డపొగ తాగేదట, చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని. మానేసి ముప్ఫై ఏళ్ళయిందని చెప్పేది గానీ చేపలమ్మే ఆవిడ వచ్చినప్పుడల్లా ఇద్దరూ గోడ వెనక్కి వెళ్ళి చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళు. గోడ మీంచి పొగ లేచేది. నేను ఇవతల నుంచి "మామ్మా, గోడ కాల్తన్నాది!" అని కేకేసేదాన్ని. "ఒసే పిల్లా, నీ పీక నొక్కీగల్ను" అని దగ్గుతూ కేక తిరిగొచ్చేది.

ఇక సిందూరం మాట చెప్పాలి.

బిళ్ళ ఒకసారి కాలాక ఎర్రగా, గరుకుగా ఉంటుంది. దాని మీద బొమ్మ గీసి, పైన పూత పూసి, మళ్ళీ కాలిస్తే గాజులా మెరుస్తుంది. ఆ పూతకి సన్నటి తెల్ల ఇసక, సిందూరం కలిపి రోట్లో నూరాలి. ఆకుపచ్చ కావాలంటే పూసే ముందు చిటికెడు మైలతుత్తం. సిందూరం అంటే ఆంజనేయుడికి పూస్తారే, ఆ నారింజరంగు పొడే. సీసాన్ని కాల్చి చేస్తారని నాకు పెద్దయ్యాక తెలిసింది. చిన్నాన్న దాన్ని బస్తాతో తెచ్చి చూరు కింద వేలాడదీశాడు. పాస్టరమ్మ ఒకసారి ఇంటికొచ్చి ఆ బస్తా చూసి ముక్కున వేలేసుకుంది. "విశ్వాసుల ఇంట్లో సిందూరం ఏంటమ్మా?" అంది. మామ్మ తడుముకోలేదు. "మీ తొట్టికేనమ్మా. అది లేకపోతే మీ సేపలు మెరవ్వు," అంది. పాస్టరమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నూరిన పొడి బిళ్ళకి అంటుకోవాలంటే జిగురుండాలి. అందుకు మా ఇళ్ళల్లో ఉన్నదే వాడారు, తరవాణి. అన్నం వార్చిన గంజీ, బియ్యం కడుగూ కుండలో పోసి పులియబెడితే తరవాణి. వేసవిలో పొద్దున్నే అదే తాగి పనికి పోయేవాళ్ళం. వంటింట్లో ఒక తరవాణి కుండ, పంచలో ఒక తరవాణి కుండ. పంచలో దానిలో నూరిన సిందూరం పొడి కలిపి ఉంచేవారు.

పూత మెత్తగా నలిగిందో లేదో నాలుక మీద వేసుకుని చూడటం చిన్నాన్న నేర్చుకున్న పద్ధతి. గరగరలాడితే మళ్ళీ నూరాలి. పాలమీగడలా జారితే సరి. చిన్నాన్న నాలుక కారా కిళ్ళీలతో మొద్దుబారిపోయింది కాబట్టి ఆ పని పిన్నికి వచ్చింది. రోజూ వేలు ముంచడం, నాలుక మీద రాసుకోవడం, కళ్ళు మూసుకోవడం, "ఇంకా సాల్దు" అనడం. నేను పక్కన కూర్చుని ఆవిడ మొహం చూసేదాన్ని.

ఒక పొద్దున్న వేలు నోట్లో పెట్టుకుని కళ్ళు మూయలేదు. పెద్దవి చేసింది.

"అత్తా! ఇది తియ్యగున్నాది!"

మామ్మ వచ్చి తనూ ఒక చుక్క రాసుకుంది. చిన్నాన్నా రాసుకున్నాడు. నేనూ. నిజంగా తీపే. బెల్లం తీపి కాదు, పంచదార తీపి కాదు, నాలుక చివర ఆగి మెల్లగా వెనక్కి పాకే తీపి. రాత్రి పుల్లగా ఉన్న గంజి తెల్లారేసరికి ఎందుకు తియ్యబడిందో ఎవరికీ అర్థం కాలేదు. మామ్మకి మాత్రం అయింది. చేతులు జోడించి, "పెబువా!" అంది. "ఎడారిలో సేదు నీల్లు తియ్యనైనాయని సెప్పలేదేటి పాస్టరుగోరు? అదే ఇది. తొట్టి పని ముట్టుకున్నాం, మనింట్లో గంజి తీపెక్కినాది. ఈసారి బిడ్డ నిలుస్తాది సూడు."

పిన్ని ఏడ్చేసింది. చిన్నాన్న తల తిప్పుకున్నాడు. నాకు ఆనందం పట్టలేక పెరడంతా గెంతాను. ఆ పొద్దు మా ఇంట్లో ఉన్నంత సంతోషం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. అది తలచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

కడుపుతో ఉన్నవాళ్ళకి మట్టి మీద మనసు పోవడం మా వైపు వింత కాదు. చేపలమ్మే ఆవిడ కొంగున కట్టుకుని చెరువు మట్టి గడ్డలు తెచ్చేది. "నాకు పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు పొయ్యిగడ్డ సగం గీకి తినీసినాను తల్లీ, మా అత్త లబోదిబో!" అని పకపకా నవ్వేది. కానీ పిన్నికి చెరువు మట్టి రుచించలేదు. ఆవిడ కన్ను పంచలో కుండ మీదే. పరీక్ష పేరు చెప్పి ఒకసారి నాకాల్సిన వేలు రెండుసార్లు, మూడుసార్లు ముంచేది. నేను చూస్తే సిగ్గుపడి నవ్వేది.

అది మామ్మ కంటపడింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చిన్న ఇత్తడి గిన్నె తెచ్చింది. కుండని కదపకుండా, పైన తేరుకున్న తేటని వంచింది. ఎర్ర బురద అడుగునే ఉండిపోయింది. గిన్నెలో నీళ్ళు వంటింటి తరవాణి తేటలా తెల్లగా ఉన్నాయి. దాన్ని తన పాత పొందూరు ఖద్దరు చీర ముక్కలో వడగట్టి మరీ ఇచ్చింది.

"తాగమ్మా. నీకు కాదు, లోపలున్నోలికి."

చిన్నాన్న చేతి మట్టి దులుపుకుని లేచాడు. "అమ్మా, అది పూత కోసం కలిపింది. తాగీదేటే?"

"రంగు అడుక్కి దిగిపోనాది, కనబళ్ళేదా? పైది మన తరవాణే. నువ్వు పొద్దున్న తాగినావు, సచ్చిపోనావేటి?"

"అలాక్కాదే..."

"ఎలాగ్గాదు? కడుపుతో ఉన్నోల కోరిక తీర్సకపోతే పుట్టినోలకి సెవిలో సీము కారుతాది. ఆ రెండుసార్లూ దాని మనసు ఏటి కోరిందో ఎవరైనా అడిగినారా? నానే అడగనేదు. ఆ పాపం నాదే. ఈసారి అడిగినంతా ఇస్తాను. నువ్వు నోరు మూసుకుని మట్టి తొక్కు."

చిన్నాన్న నోరు మూసుకుని మట్టి తొక్కాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే గిన్నె వచ్చేది. పిన్ని గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని తాగేది. మామ్మ ఎదురుగా కూర్చుని ఆఖరి చుక్క దాకా చూసేది. అడుగున మిగిలిన తడి నేను వేలితో నాకేసేదాన్ని.

మొదట కోళ్ళు పోయాయి. రోలు కడిగిన నీళ్ళు పారే కాలవలో అవి పొడుచుకుని తినేవి. ఒక కోడి మెడ వాల్చేసి, నడవబోయి పక్కకి పడిపోయింది. మర్నాడు ఇంకొకటి. చేపలమ్మే ఆవిడ చూసి "కొక్కిరోగం" అంది. మామ్మ వాటిని బట్టీ వెనక పాతిపెట్టించింది. తర్వాత పిల్లి. అది పంచలో గోడ వెంబడి గుండ్రంగా తిరుగుతూ ఉండేది, పిలిస్తే నన్ను గుర్తుపట్టేది కాదు. ఎవరమూ ఈ రెండూ కలిపి చూడలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక్క విషయం తప్ప మరేదీ ఎవరికీ పట్టలేదు. పిన్ని పొట్ట ఎంత పెరిగింది, బిడ్డ ఇవాళ కదిలిందా.

కదిలేది. పిన్ని నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకునేది. లోపలి నుంచి చిన్న తన్ను. "నిన్నే పలకరిస్తన్నాది," అనేది.

తొట్టి బిళ్ళలన్నీ అయ్యాక పిన్ని ఇంకొకటి చేసింది. అరచేతంత బిళ్ళ. అంచు చుట్టూ తామర తీగ, మధ్య ఖాళీ. పుట్టగానే బిడ్డ కాలు అందులో ఒత్తాలట. అది ఆరిపోకుండా తడిగుడ్డ చుట్టి, మూత పెట్టి, నీడన దాచింది. రోజూ గుడ్డ తడపడం నా పని. మట్టి మెత్తగా ఉందో లేదో వేలితో చూసి, గుంట పడితే నున్నగా సర్దేదాన్ని.

నా అల్లరి నేను మానలేదు లెండి. మిగిలిన మట్టితో మామ్మ మొహం చేసి, ముక్కు ఇంత పెద్దది పెట్టి, దానికి పూత పూసి, దొంగతనంగా బట్టీలో పెట్టాను. బట్టీ తెరిచినప్పుడు ముక్కు మాత్రం పచ్చగా మెరుస్తూ బయటికొచ్చింది. మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవలిదే ఈ రాక్షసి?" అంది. చిన్నాన్న నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు. పిన్ని కూడా నవ్వబోయింది, అంతలోనే పొట్ట పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

అప్పటికే ఆవిడకి పేగులు మెలిపెట్టే నొప్పి మొదలైంది. కడుపు బిగుసుకుపోయేది. అన్నం సహించేది కాదు. నెత్తళ్ళ చేపల పులుసంటే పడి చచ్చే మనిషి పళ్ళెం దూరం తోసేసేది. మొహం పాలిపోయి బూడిదరంగుకి తిరిగింది. నాకూ అప్పుడప్పుడూ కడుపులో నొప్పి వచ్చేది, జీడిమామిడి పళ్ళు ఎక్కువ తిన్నానని వాము మింగించేవారు. ఒకరోజు పిన్ని ఆవులిస్తే చిగుళ్ళ అంచున నల్లటి నీలిగీత కనిపించింది.

"పిన్నీ, నాకు పెట్టకుండా నేరేడు పళ్ళు తిన్నావేటి?"

"నేరేడు పళ్ళేటే? ఇంకా రానేదు కదా."

"మరి పళ్ళ కాడ నల్లగున్నాది?"

అద్దం తెచ్చి చూసుకుంది. వేలితో రుద్దింది. పోలేదు. ఉప్పు పెట్టి రుద్దింది. పోలేదు. మామ్మ వచ్చి చూసి, "రగతం సాల్దు. ఇంకొంచెం తాగు, బలం వస్తాది," అని గిన్నె నింపి ఇచ్చింది. పిన్నికి ఇప్పుడు ఏమీ సహించడం లేదు, ఆ తేట తప్ప.

బిడ్డ కదలడం తగ్గింది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. పిన్ని రోజంతా పొట్ట మీద చెయ్యేసుకుని ఎదురుచూస్తూ ఉండేది. నేను దగ్గరికెళితే "ష్, ఉండు" అనేది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. చాలాసేపటికి ఎక్కడో చిన్న కదలిక. అప్పుడు ఇద్దరం గాలి పీల్చుకునేవాళ్ళం.

నెలలు నిండకుండానే ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. మంత్రసాని వచ్చేలోపే అయిపోయింది. ఆడపిల్ల. చిన్నాన్న రెండు అరచేతుల్లో పట్టేసింది. ఏడవలేదు, పిల్లికూన మూలిగినట్టు ఒక మూలుగు. అయినా బతికే ఉంది. మామ్మ పత్తిలో చుట్టి, గుండెల దగ్గర పెట్టుకుని, పాటలు పాడుతూ ఇల్లంతా తిరిగింది. "నిలిసినాది! నిలిసినాది రా!" అని కనబడ్డ వాళ్ళందరికీ చెప్పింది.

పిల్ల పాలు పట్టలేదు. చేతులూ కాళ్ళూ ఉన్నట్టుండి బిగుసుకుని, మళ్ళీ వేలాడిపోయేవి. రెండో రోజు పిన్ని మంచం మీంచి నన్ను పిలిచింది.

"ఆ బిళ్ళ తే. మీ సిన్నాన్నని పిలు."

"ఇప్పుడేటి తొందర? పిల్ల కొంచెం తేరుకోనీ," అన్నాడు చిన్నాన్న.

"ఆరిపోతాది. ఇప్పుడే ఒత్తండి."

ఆవిడ మట్టి గురించి అంటోందని మాలో ఎవరమూ అనుకోలేదు. నేను తడిగుడ్డ విప్పాను. చిన్నాన్న పిల్ల కాలు పట్టుకుని బిళ్ళ మధ్యలో ఆనించాడు. ఒత్తడానికి చేతులు రాలేదు. మామ్మ తన చెయ్యి ఆయన చేతి మీద వేసి ఒత్తింది. నా బొటనవేలంత పాదం. ఐదు వేళ్ళూ పడ్డాయి. చల్లటి మట్టి తగలగానే పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. అది చూసి అందరం నవ్వాం. మర్నాడు పొద్దున్నే, ఎండ రాకముందే పిల్ల పోయింది.

 బిళ్ళ మాత్రం ఆరింది, ఒకసారి కాలింది. పూత నేనే వేస్తానని పిన్ని పట్టుబట్టింది. అలవాటు కొద్దీ వేలు ముంచి నాలుక మీద రాసుకుని చూసింది. కుంచె తీసుకుంది. మణికట్టు దగ్గర చెయ్యి వాలిపోయింది. కుంచె కింద పడింది. తీసి ఇచ్చాను. మళ్ళీ వాలింది. వేళ్ళు కదులుతున్నాయి గానీ అరచెయ్యి పైకి లేవడం లేదు. పిన్ని తన చేతిని ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంది. ఆఖరికి ఎడమచేతి పిడికిలితో కుంచె పట్టుకుంది, నేను కింద నుంచి మోచెయ్యి పట్టుకున్నాను. ఒక్క తిప్పులో రేక గీసే మనిషి అంత చిన్న బిళ్ళకి పూత వేయడానికి సగం రోజు తీసుకుంది.

ఆ చెయ్యి చూపించడానికే శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్ళాం. చిన్నాన్న, పిన్ని, సాయానికి నేను. డాక్టరమ్మ చెయ్యి చూసింది. నోరు తెరవమంది. ఆ నల్లగీత చూడగానే ఆవిడ మొహం మారింది. నా నోరు కూడా తెరిపించింది.

"మీ ఇంట్లో సీసం పని చేస్తారా?"

"లేదండీ," అన్నాడు చిన్నాన్న.

"ఏం పని చేస్తారు?"

చెప్పాడు. మట్టి, ఇసక, సిందూరం. ఆవిడ "సిందూరం" దగ్గర ఆపింది. దేనితో కలుపుతారని అడిగింది. పులిసిన గంజితో అని చెప్పాడు. నోట్లోకి పోతుందా అని అడిగింది. చిన్నాన్న పిన్ని వైపు చూశాడు. పిన్ని నెమ్మదిగా అంది, "తేట తాగీదాన్నండి. తియ్యగుండేది."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. అంతా విడమరచి చెప్పింది. సిందూరం సీసమే. పులుపు తగిలితే అది నీళ్ళలోకి దిగుతుంది, దిగితే తియ్యబడుతుంది. కళ్ళకి తేటగానే ఉంటుంది. బిడ్డదాకా పోతుంది. ముందు పోయిన రెండూ కూడా దీనివల్లే అయి ఉండొచ్చు, వేలితో నాకినది చాలు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

తిరుగు బస్సులో చిన్నాన్న తలని ముందు సీటు కడ్డీకి ఆనించి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. "నాను ఆపినాను," అన్నాడు. "ఆ రోజు నాను ఆపినాను కాదేటే? అమ్మ తిట్టినాదని ఒగ్గీసినాను. ఇంటికెళ్ళి అడుగుతాను. ఏ నోటితో తాగమన్నావని అడుగుతాను."

 పిన్ని పనిచేసే ఎడమచెయ్యి ఆయన వీపు మీద వేసింది.

"అత్తకి సెప్పకండి."

"ఏటి?"

"సెప్పకండి. ఆవిడకి తెలిస్తే బతకదు. పోయినోలు ఎలాగూ రారు. ఒసే, నువ్వూను. నా మీద ఒట్టు."

"మరి సిందూరం ఎందుకు మానీసినావని అడుగుతాది గదే?"

పిన్ని ఆలోచించింది. "చర్చి పెద్దలు ఒద్దన్నారని సెప్పండి. విశ్వాసుల ఇంట్లో ఉండకూడదన్నారని."

అలాగే చెప్పారు. మామ్మ పాస్టరమ్మని నోటికొచ్చినట్టు తిట్టి ఊరుకుంది. చిన్నాన్న సిందూరం బస్తా గోతిలో పాతేశాడు. పాదం బిళ్ళ ఒక్కదాన్ని ఆఖరుసారి కాల్చి, బట్టీ పడగొట్టేశాడు. తర్వాత సిమెంటు పనికి పోయాడు. పిన్ని చెయ్యి కొంచెం కొంచెం లేచింది గానీ కుంచె పట్టేంత లేవలేదు. వాళ్ళకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. చర్చి తొట్టిలో తామరలు ఇప్పటికీ మెరుస్తూనే ఉన్నాయి. నేనూ అందులోనే మునిగి లేచాను, పెదాలు గట్టిగా బిగబట్టి. పాస్టరుగారు భక్తి అనుకున్నారు.

"మరి మామ్మకి ఎప్పుడూ తెలీలేదా?" అని అడిగింది నా మేనకోడలు.

తెలీలేదు. పాదం బిళ్ళని చిన్నాన్న ముందుగదిలో గోడకి అతికించాడు. మామ్మ రోజూ దాన్ని కొంగుతో తుడిచేది. పాదం గుంటలో పూత గడ్డకట్టి, అక్కడ ఆకుపచ్చ ఎక్కువ ముదిరి, తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడది నా దగ్గరుంది.

నేను కాలేజీలో చేరాక ఒక వేసవి వాళ్ళింటికెళ్ళాను. మామ్మకి చూపు తగ్గింది, నడుం వంగిపోయింది. బిళ్ళ తుడిచి, వంటింట్లోకి వెళ్ళి, తడుముకుంటూ తరవాణి వంచి తెచ్చింది, అదే ఇత్తడి గిన్నెలో. పిన్నికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"మన గీత బాగోనేదు గానీ," అంది, "ఆ పొద్దు నీకు మనం ఏ లోటూ సెయ్యనేదు కదమ్మా? నువ్వు అడిగిందల్లా ఇచ్చినాను."

నేను తల దించుకున్నాను. చిన్నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"ఇచ్చినావత్తా," అంది పిన్ని. "ఏ లోటూ సెయ్యనేదు."

మామ్మ తృప్తిగా తల ఊపి, "అయితే తాగు," అంది. పిన్ని వాలిపోయే కుడిచేతి కింద ఎడమచెయ్యి ఆనించి, గిన్నె పైకెత్తి, మామ్మ చూస్తుండగా ఆఖరి చుక్క దాకా తాగింది.